పగటి ఎండ సరే, రాత్రి ఎంతకు దిగింది? ఇంటి దగ్గరే కొలిచి తెలుసుకునే పద్ధతి

వేసవి వచ్చిందంటే పత్రికల్లో పగటి ఉష్ణోగ్రతలే పెద్ద అక్షరాల్లో కనిపిస్తాయి. ఆదిలాబాద్‌లో 43, రామగుండంలో 44 అని చదివి నిట్టూరుస్తాం. అదే ఊళ్లో ఆ రాత్రి ఎంతకు దిగిందో ఎవరూ అడగరు. నేను ఆదిలాబాద్ జిల్లాలో ఒక ఉన్నత పాఠశాలలో భౌతిక శాస్త్రం చెబుతాను. నా లెక్కలో ఆ రెండో అంకెకే విలువ ఎక్కువ. మనిషి నిద్రపట్టి కోలుకునేది రాత్రి. నారుమడి దెబ్బతినేది రాత్రి. ఆకాశం, నేల, గాలి ఎలా ఉన్నాయో తేటగా బయటపడేదీ రాత్రే. ఒక థర్మామీటరు, ఒక నోటు పుస్తకం, ఒక స్టీలు గ్లాసు ఉంటే ఇదంతా మీరే చూడవచ్చు, సాయంత్రానికే రేపటి తెల్లవారుజాము చలిని కొంతవరకు ముందుగా చెప్పవచ్చు కూడా. ఆ పద్ధతి చెప్పడానికే ఇది రాస్తున్నాను. పిల్లలున్న ఇళ్లలో తప్పకుండా చేయమని నా విన్నపం.

కొలవడానికి ముందు కారణం తెలియాలి

రాత్రి ఎందుకు చల్లబడుతుందని తరగతిలో అడిగితే, సూర్యుడు ఉండడు కాబట్టి అని అందరూ ఒకే గొంతుతో అంటారు. ఆ జవాబు సగమే. సూర్యుడు లేకపోతే కొత్త వేడి రాదు, ఒప్పుకుందాం. మరి ఉన్న వేడి ఎందుకు పోవాలి? ఎటు పోతుంది?

వెచ్చగా ఉన్న ప్రతి వస్తువూ కంటికి కనిపించని పరారుణ కిరణాలను వదులుతూనే ఉంటుంది. 27 డిగ్రీల వేడిలో ఉన్న నేల ఒక్కో చదరపు మీటరు నుంచి సుమారు 460 వాట్ల శక్తిని పైకి పంపుతుంది. రాత్రే కాదు, మిట్టమధ్యాహ్నం కూడా. అయితే పైనుంచి కొంత తిరిగి వస్తుంది. గాలిలోని నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్, మేఘాలు కూడా నేల వైపు అలాంటి కిరణాలనే పంపుతాయి. కింది నుంచి పోయేదానికీ పైనుంచి వచ్చేదానికీ మధ్య తేడాయే రాత్రి మనం పోగొట్టుకునే వేడి. గాలి పొడిగా, ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి ఈ నష్టం చదరపు మీటరుకు వంద వాట్ల దాకా ఉంటుంది. దట్టమైన మేఘాలు కిందుగా కమ్ముకున్న రాత్రి ఇరవై ముప్పై వాట్లకు పడిపోతుంది. ముసురు పట్టిన రాత్రి ఉక్కగా ఉండటానికీ, మబ్బు విడిచిన రాత్రి వణుకు పుట్టడానికీ ఇదే మూలం.

డాబా మీది నీళ్ల ట్యాంకుకు అడుగున చిన్న చిల్లు ఉందనుకోండి. పొద్దున కుళాయి సన్నగా మొదలై, మధ్యాహ్నానికి పూర్తి ధార అయ్యి, సాయంత్రానికి ఆగిపోతుంది. చిల్లు మాత్రం రోజంతా కారుతూనే ఉంటుంది. నీటి మట్టం ఎప్పుడు గరిష్ఠంగా ఉంటుంది? ధార పెద్దగా ఉన్నప్పుడు కాదు. ధార తగ్గుతూ తగ్గుతూ, వచ్చేదీ పోయేదీ సమానమైనప్పుడు. అందుకే ఎండ పన్నెండు గంటలకు నడినెత్తిన ఉన్నా, వేడి రెండు నుంచి నాలుగు గంటల మధ్యే పరాకాష్ఠకు చేరుతుంది. మట్టం అన్నిటికంటే కిందికి దిగేది అర్ధరాత్రి కాదు, మళ్లీ కుళాయి వచ్చి ధార చిల్లును అందుకునే క్షణాన, అంటే సూర్యోదయం అయిన కాసేపటికి. తెల్లవారాక చలి ఇంకా పెరిగిందని పొలం వెళ్లేవాళ్లు అంటుంటారు. అది భ్రమ కాదు, నిజం.

పిల్లల్లో పాతుకుపోయిన ఇంకో నమ్మకం ఉంది: వేడిగా ఉన్నప్పుడు సూర్యుడు దగ్గరగా, చలిగా ఉన్నప్పుడు దూరంగా ఉంటాడని. భూమి సూర్యుడికి అతి దగ్గరగా వెళ్లేది జనవరి మొదటి వారంలో, దాదాపు 14.7 కోట్ల కిలోమీటర్లకు. అతి దూరంగా వెళ్లేది జులై మొదటి వారంలో, 15.2 కోట్ల కిలోమీటర్లకు. మన ఊళ్లలో పళ్లు కొరికే చలి ఏ నెలలో ఉంటుందో చెప్పమంటే చాలు, పిల్లలు తమంతట తామే ఆ నమ్మకాన్ని వదిలేస్తారు.

గాలి సంగతి కూడా ఒకటి గుర్తుంచుకోవాలి. ఎండ గాలిలోంచి దూసుకువచ్చి నేలను కాలుస్తుంది. ఆ నేల తనను ఆనుకున్న గాలిని వేడి చేస్తుంది. రాత్రి కూడా ముందు చల్లబడేది నేలే, తర్వాత దాన్ని తాకిన గాలి. గాలే లేని చంద్రుడి మీద మధ్యరేఖ దగ్గర పగలు 120 డిగ్రీలు దాటుతుంది, రాత్రి మైనస్ 130కి దిగుతుంది. సూర్యుడికి మనమెంత దూరమో చంద్రుడూ దాదాపు అంతే దూరం. తేడా అంతా గాలీ నీళ్లూ, ఒక్కో పగలు, ఒక్కో రాత్రి ఎంతసేపు సాగుతాయన్నదీ.

పరికరం, దాన్ని పెట్టే చోటు

గరిష్ఠ కనిష్ఠ థర్మామీటరు అని అడిగితే ప్రయోగశాల సామాను అమ్మే దుకాణాల్లో దొరుకుతుంది. రెండు రకాలుంటాయి. ఒకటి డిజిటల్: రోజులో ఎక్కువ ఎంత, తక్కువ ఎంత అన్నది తానే గుర్తుపెట్టుకుంటుంది, మీట నొక్కితే చూపిస్తుంది. చిన్న పిల్లలున్న ఇంటికి ఇదే మంచిది. రెండోది 1780 ప్రాంతంలో ఇంగ్లండ్‌కు చెందిన జేమ్స్ సిక్స్ రూపొందించిన పాత నమూనా: వంచిన గాజు గొట్టం, అందులో పాదరసం. నాకు ఇదంటే ప్రాణం. పాదరసానికి పైన రెండు వైపులా సన్నని ఉక్కు సూచికలు ఉంటాయి, సూది ముక్కలంత. వేడెక్కితే పాదరసం ఒక వైపు సూచికను పైకి నెట్టుకుంటూ పోతుంది. చల్లబడితే తాను వెనక్కి వస్తుంది గానీ సూచిక అక్కడే నిలబడిపోతుంది. చల్లబడినప్పుడు రెండో వైపు సూచికకూ అదే జరుగుతుంది. ఆ రోజు ఎంత దూరం వెళ్లి వచ్చిందో రెండు వైపులా జాడ మిగిలి ఉంటుంది.

దీన్ని చదివేటప్పుడు రెండు జాగ్రత్తలు. సూచిక కింది కొనను చూడాలి, పై కొనను కాదు. కనిష్ఠం చూపే వైపు అంకెలు తలకిందులుగా ఉంటాయి, పైకి వెళ్లేకొద్దీ తగ్గుతాయి. అలవాటు లేనివాళ్లు 12ని 18గా రాసేది ఇక్కడే. చదివాక చిన్న అయస్కాంతంతో రెండు సూచికలనూ మళ్లీ పాదరసం మీదికి దించాలి. గొట్టం పగిలితే పాదరసాన్ని చేత్తో ముట్టుకోవద్దు, చీపురుతో చిమ్మవద్దు. కిటికీలు తెరిచి, పిల్లల్ని దూరంగా పంపి, గట్టి కాగితంతో చుక్కలను ఒక్కచోటికి చేర్చి మూత గట్టిగా ఉన్న సీసాలోకి ఎత్తాలి. ఆ సీసాను చెత్తబుట్టలో పడేయకూడదు.

పెట్టే చోటు పరికరం కంటే ముఖ్యం. గోడకు మేకు కొట్టి తగిలిస్తే గోడ వేడినే కొలుస్తారు. ఎండ తగిలితే థర్మామీటరు తన వేడినే తాను కొలుచుకుంటుంది. వాతావరణ కేంద్రాల్లో పక్కలకు ఏటవాలు చెక్క పట్టీలున్న తెల్లని పెట్టె చూసే ఉంటారు, స్టీవెన్సన్ పెట్టె అంటారు. గాలి ధారాళంగా ఆడాలి, ఎండ లోపలికి రాకూడదు, ఆకాశం కనిపించకూడదు. దాని కిటుకు ఇంతే. మన దేశంలో సూర్యుడు సంవత్సరంలో ఎక్కువ కాలం దక్షిణం వైపు నుంచి కాస్తాడు కాబట్టి తలుపు ఉత్తరానికి ఉంచుతారు.

ఇంట్లో అయితే పండ్లు వచ్చే చెక్క పెట్టె చాలు, దాని పట్టీల మధ్య ఖాళీలు ఉండనే ఉంటాయి. బయటంతా తెల్ల రంగు పూయండి. పైన ఒక చెక్క, దాని మీద రెండంగుళాల ఖాళీ వదిలి ఇంకో చెక్క కొట్టండి. పైచెక్క కాలినా ఆ వేడి మధ్యలో గాలికి పోతుంది. తెరిచిన వైపు ఉత్తరానికి తిప్పి, నేలకు నాలుగు అడుగులకు కాస్త పైన ఉండేలా కర్రల మీద నిలబెట్టండి. మట్టి నేల, చుట్టూ ఖాళీ ఉన్న పెరడు అన్నిటికంటే మేలు. డాబా తప్ప దిక్కులేని వాళ్లు డాబా మధ్యలో, పిట్టగోడకు దూరంగా, అదే ఎత్తులో పెట్టి, పుస్తకం మొదటి పేజీలో ఆ విషయం రాసుకోండి. ఆ అంకెలు పెరటి అంకెలతో సరిపోలవు. ప్రతిరోజూ ఒకే చోట కొలిస్తే ఒక రోజుతో ఇంకో రోజును పోల్చడానికి మాత్రం పనికొస్తాయి.

ఏ వేళ చదవాలి, ఏ గడిలో రాయాలి

భారత వాతావరణ విభాగం కనిష్ఠాన్ని ఉదయం 8.30కి, గరిష్ఠాన్ని సాయంత్రం 5.30కి నమోదు చేస్తుంది. మీరూ అలాగే చేయగలిగితే చాలా మంచిది. రోజుకు ఒక్కసారే వీలైతే ఉదయం 8.30 ఎంచుకోండి. అప్పుడు కనిష్ఠం ఈ రోజుది, గరిష్ఠం నిన్నటిది. నిన్నటి అంకెను నిన్నటి వరుసలోనే రాయాలి. ఇది పట్టించుకోకపోతే నెల తిరిగేసరికి పుస్తకమంతా ఒక రోజు పక్కకు జరిగిపోతుంది, ముసురు రోజుకు ఎండ రోజు లెక్క అంటుకుంటుంది.

గరిష్ఠం, కనిష్ఠం, తేడా అన్న మూడు గడులతో ఆగవద్దు. రాత్రి పడుకునే ముందు ఆకాశం ఎలా ఉందో రాయండి. ఆకాశాన్ని ఎనిమిది వంతులనుకుని ఎన్ని వంతులు మబ్బు కమ్మిందో రాస్తే చాలు, వాతావరణ కేంద్రాల వాళ్లూ అలాగే రాస్తారు. ఆకులు కదులుతున్నాయా లేదా, నేల తడిగా ఉందా, పొద్దున గడ్డి మీద మంచు ఉందా, ఈ నాలుగు మాటలూ చేర్చండి. అంకె ఎందుకు అలా వచ్చిందో చెప్పేవి ఇవే.

స్టీలు గ్లాసుతో రేపటి చలి

అన్నిటిలోకి నాకు ఇష్టమైన పని ఇది. పిల్లలు కూడా దీనికోసమే సాయంత్రాలు ఆగిపోతారు.

పొద్దుగూకే వేళ పల్చని స్టీలు గ్లాసు ఒకటి తీసుకుని బయట బాగా తుడవండి. అద్దంలా మెరవాలి, వేలిముద్రలు ఉండకూడదు. సగం దాకా మామూలు నీళ్లు పోసి, అందులో ప్రయోగశాలలో వాడే సాధారణ థర్మామీటరు ఉంచండి. ఐసు ముక్కను గుడ్డలో చుట్టి దంచి, ఆ పలుకులను చెంచాతో కొంచెం కొంచెంగా వేస్తూ కలపండి. తొందరపడి ఒకేసారి గుమ్మరిస్తే గ్లాసు చల్లబడే వేగాన్ని మీ కన్ను అందుకోలేదు. ముఖం దగ్గరగా పెట్టవద్దు, మీ ఊపిరిలోని తేమ చాలు గ్లాసును మసకబార్చడానికి. నీటి మట్టానికి కాస్త కింద, గ్లాసు బయటి వైపు చూస్తూ ఉండండి. ఒక దశలో ఆ మెరుపు చెదిరిపోతుంది. వేలితో గీస్తే గీత పడేంత సన్నని పొగలాంటి పొర వస్తుంది. ఆ క్షణాన నీటి ఉష్ణోగ్రత రాసుకోండి. తర్వాత ఐసు వేయడం ఆపి, గ్లాసు మెల్లగా వేడెక్కుతుంటే ఆ పొర ఎప్పుడు మాయమవుతుందో చూసి అదీ రాయండి. రెండింటి సగటు తుషార బిందువు. గాలి అంతకు చల్లబడితే అందులోని ఆవిరి ఇక ఆవిరిగా ఉండలేదు, నీరవుతుంది.

రేపటి చలికీ దీనికీ సంబంధం ఏమిటంటే, రాత్రి నేల, దాన్ని ఆనుకున్న గాలి చల్లబడుతూ చల్లబడుతూ తుషార బిందువుకు చేరగానే మంచు పడటం మొదలవుతుంది. ఆవిరి నీరయ్యేటప్పుడు గ్రాముకు దాదాపు 2,500 జూల్స్ గుప్తోష్ణం, అంటే ఆవిరిలో దాగి ఉన్న వేడి, బయటికి వస్తుంది. అక్కడి నుంచి చల్లబడటం బాగా మందగిస్తుంది. అందుకే నిర్మలంగా, గాలి ఆడకుండా ఉన్న చలికాలపు రాత్రి, సాయంత్రం గ్లాసు చెప్పిన అంకెకు కాస్త అటూ ఇటూగా తెల్లవారుజాము కనిష్ఠం వచ్చి ఆగుతుంది. మా దగ్గర డిసెంబరు సాయంత్రం గాలి 22 డిగ్రీలు ఉండి, గ్లాసు 10 దగ్గర మసకబారిందంటే పిల్లలకు స్వెట్టర్లు వేసుకు రమ్మని ముందే చెప్పేస్తాను.

ఒక్క హెచ్చరిక. గ్లాసు చెప్పేది అడుగు ఎక్కడుందో మాత్రమే. అక్కడిదాకా దిగుతుందని హామీ ఇవ్వదు. ఏప్రిల్ ఎండల్లో ఇక్కడ గాలి ఎంత పొడిగా ఉంటుందంటే గ్లాసు పది డిగ్రీల దగ్గర మసకబారవచ్చు, కానీ రాత్రి పాతిక కిందికి దిగదు. పగలు కాలిన నేలలో అంత వేడి ఉంటుంది, రాత్రి అంత పొట్టిగా ఉంటుంది. డిసెంబరులో మాకు రాత్రి దాదాపు 13 గంటలు, జూన్‌లో పదిన్నర గంటలకు కాస్త పైన. మబ్బు కమ్మినా, గాలి వీచినా కూడా గ్లాసు లెక్క తప్పుతుంది. గాలి వీచే రాత్రి, నేల దగ్గరి చల్లని పొర పైనున్న వెచ్చని గాలితో కలిసిపోతుంది. చలికాలం వేకువన కట్టెల పొయ్యి పొగ పైకి లేవకుండా ఇళ్ల కప్పుల ఎత్తులో చాపలా పరుచుకుని ఉంటే, నేల దగ్గర చల్లని గాలి, దానిపైన వెచ్చని గాలి విడివిడిగా నిలిచి ఉన్నట్టే. అలాంటి పొద్దున మీ పుస్తకంలో తేడా గడిని చూడండి, పెద్ద అంకె ఉంటుంది.

తేడాను చదవడం

మా ఆడపడుచు విశాఖలో సముద్రానికి దగ్గరగా ఉంటుంది. ఆమెతో కూడా ఒక థర్మామీటరు కొనిపించాను. సంక్రాంతి రోజుల్లో ఒక పొద్దున ఫోను చేసింది.

"వదినా, మాకు తెల్లవారుజామున 19. మీకెంత?"

"మాకు 11 అమ్మా."

"నిన్న పగలు?"

"29."

"మాకూ 28 ఉంది కదా! పగలంతా ఒకలాగే ఉండి రాత్రికి ఇంత తేడానా?"

ఆమె ఆశ్చర్యంలోనే పాఠమంతా ఉంది. రెండు ఊళ్లలో పగలు దాదాపు ఒకటే. రాత్రి మాత్రం ఎనిమిది డిగ్రీల దూరం. ఒక కిలో నీటిని ఒక డిగ్రీ వేడి చేయడానికి 4,186 జూల్స్ కావాలి. పొడి ఇసుకకు సుమారు 800 చాలు. పైగా ఎండ సముద్రంలో లోతుగా దిగుతుంది, అలలు ఆ వేడిని కిందికి కలిపేస్తాయి. పొడి నేలలో రోజువారీ వేడి పైపొరల్లోనే ఉండిపోతుంది, అర మీటరు లోతుకు తవ్వితే పగలూ రాత్రీ ఒకే చల్లదనం. కాబట్టి పైపొర పగలు విపరీతంగా కాలి, రాత్రి అంతే వేగంగా ఆరిపోతుంది. సముద్రపు ఉపరితలం రోజు మొత్తంలో ఒక డిగ్రీ అటూ ఇటూ కావడమే ఎక్కువ. ఒడ్డున ఉన్న ఊరి గాలిలో ఆవిరీ ఎక్కువే, అది నేల వదిలిన కిరణాల్లో చాలా భాగాన్ని తిరిగి నేలకే చేరుస్తుంది. ఆమె గ్లాసు ఆ సాయంత్రం ఎంత దగ్గర మసకబారిందో అడిగాను. 18 అంది. ఇక ఆ రాత్రి విశాఖ 11కి ఎలా దిగుతుంది?

ఇదే పోలికను ఒకే ఊళ్లో కాలాలను బట్టి చూడండి. మా దగ్గర జనవరిలో పద్దెనిమిది డిగ్రీల తేడా మామూలు. ఆగస్టులో పగలు 30, రాత్రి 23, అంటే ఏడు డిగ్రీలు. మబ్బు పగటి ఎండను ఆపుతుంది, రాత్రి వేడిని పోనివ్వదు. తడిసిన నేల ఎండలో చాలా భాగాన్ని నీరు ఆవిరి చేయడానికే ఖర్చు పెడుతుంది. పుస్తకంలో తేడా గడి ఒక్కసారిగా పదిహేను నుంచి ఎనిమిదికి పడిపోయిందంటే తొలకరి వచ్చిందని క్యాలెండరు చూడకుండా చెప్పవచ్చు.

కొండ ప్రాంతాల వాళ్లకు ఇంకో మాట. చింతపల్లి మండలంలోని లంబసింగి సముద్ర మట్టానికి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తులో ఉంది. ఎత్తుకు వెళ్లేకొద్దీ కిలోమీటరుకు సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది కాబట్టి చలి సహజం. కానీ ఎత్తు ఒక్కటే కారణం కాదు. రాత్రి చల్లబడిన గాలి బరువెక్కి వాలు వెంట జారి పల్లంలో చేరి నిలిచిపోతుంది. కొండవాలులో ఉన్న ఇంట్లో ఒక థర్మామీటరు, పల్లంలో ఉన్న ఇంట్లో ఒకటి పెట్టి చూస్తే, నిర్మలమైన రాత్రి కింది ఇల్లే ఎక్కువ చల్లగా ఉందని కనిపిస్తుంది.

ఆకాశం వేడిని ఎలా లాగేస్తుందో కళ్లతో చూడాలంటే థర్మామీటరు కూడా అక్కర్లేదు. చలికాలంలో గాలి లేని రాత్రి ఆరుబయట ఒక గాజు పళ్లెం, అక్కడే వేసిన మంచం కింద ఇంకొకటి పెట్టండి. పొద్దున మొదటిది తడిసి ఉంటుంది, రెండోది పొడిగా ఉంటుంది. మంచు పైనుంచి కురుస్తుందని చాలామంది నమ్ముతారు. నిజానికి అది ఆకాశానికి ఎదురుగా ఉండి తన వేడిని పోగొట్టుకున్న వస్తువు మీద పట్టే నీరు. లండన్‌లో విలియం చార్లెస్ వెల్స్ అనే వైద్యుడు తోటలో రాత్రుళ్లు గడిపి, ఉన్ని పింజలను చెక్కకు పైనా కిందా పెట్టి తూచి, 1814లో దీన్ని రుజువు చేశాడు. మన దేశంలో పనివాళ్లకు ఈ సంగతి అంతకుముందే చేతల్లో తెలుసు. ప్రయాగ ప్రాంతంలో చలికాలపు రాత్రుళ్లు గోతుల్లో గడ్డి పరిచి, దాని మీద వెడల్పాటి పల్చని మట్టి మూకుళ్లలో నీళ్లు పోసి ఉంచేవారు. తెల్లవారేసరికి మంచుగడ్డ కట్టేది, గాలి సున్నా డిగ్రీలకు దిగకపోయినా. గడ్డి నేల వేడిని అడ్డుకుంటే, నీరు తన వేడిని ఆకాశానికి వదిలేసేది. రాబర్ట్ బార్కర్ అనే సైనికాధికారి 1775లో దీన్ని ఇంగ్లండ్‌లో ప్రచురించాడు. గుంటూరు జిల్లాలో కల్లాల మీద మిర్చి ఆరబెట్టిన రైతు సాయంత్రం కాగానే పట్టా కప్పడం వెనకా ఇదే ఉంది. ఆకాశానికి పట్టా ఎదురుగా ఉంటుంది, మంచు పట్టా మీద పడుతుంది, కాయ పొడిగా మిగులుతుంది.

ఈ అంకెలతో ఏం చేయాలి

వేసవిలో ముందు ఇంటి సంగతి. లోపల ఒక థర్మామీటరు, బయట ఒకటి పెట్టండి. కిటికీలు ఎప్పుడు తెరవాలో, ఎప్పుడు మూయాలో అవే చెబుతాయి. లోపలి కంటే బయట చల్లబడిన నిమిషం నుంచి అన్నీ తెరవండి, పొద్దున రెండూ సమానం కాగానే మూసి తెరలు వేయండి. పై అంతస్తులో ఉండేవాళ్లకు సాయంత్రం కంటే రాత్రి పది గంటలకు ఎక్కువ ఉక్కగా ఉంటుంది. పగలు స్లాబు పైన పడిన వేడి లోపలి వైపుకు చేరడానికి గంటలు పడుతుంది, చేరాక పడుకున్నవాళ్ల మీదికి కిరణాల రూపంలో దిగుతూనే ఉంటుంది. ఫ్యాను ఆ స్లాబును ఆనుకున్న వేడి గాలినే కిందికి తోస్తుంది. డాబాకు సున్నం గానీ తెల్లని చలువ పూత గానీ వేస్తే ఆ వేడి మొదట్లోనే తిరిగి వెళ్లిపోతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని కప్పుల విధానం తెచ్చింది ఇందుకే.

పగలు 40 డిగ్రీలు దాటిన రోజున, రాత్రి కనిష్ఠం ఆ ఊరి సాధారణం కంటే నాలుగున్నర డిగ్రీలు లేదా అంతకు మించి ఎక్కువగా ఉంటే వాతావరణ విభాగం దాన్ని వేడి రాత్రిగా ప్రకటిస్తుంది. ఆరున్నర డిగ్రీలకు చేరితే తీవ్రమైన వేడి రాత్రి. ఇంట్లో వృద్ధులు, గుండె జబ్బున్నవాళ్లు, పసిపిల్లలు ఉంటే పగటి హెచ్చరిక కంటే ఈ హెచ్చరికను గట్టిగా పట్టించుకోండి. పగలు పడిన శ్రమ నుంచి శరీరం తేరుకోవాల్సింది రాత్రే. ఆ అవకాశం వరసగా కొన్ని రాత్రులు దొరకకపోతే ప్రాణం మీదికి వస్తుంది. నగరాల్లో ఇది మరీ ఎక్కువ. గోడలు, తారు రోడ్లు పగలు మింగిన వేడిని రాత్రంతా కక్కుతాయి, ఇరుకు వీధుల్లోంచి ఆకాశం కొంచెమే కనిపిస్తుంది కాబట్టి అది తొందరగా బయటపడదు. గత శతాబ్దం మధ్య నుంచి ప్రపంచంలో చాలా చోట్ల పగళ్ల కంటే రాత్రులే ఎక్కువ వేగంగా వేడెక్కాయి. పగటి అంకెనే చూసేవాళ్లకు ఈ మార్పు కనిపించదు.

వరి పండించేవాళ్లు కూడా దీన్ని మనసు పెట్టి చూడాలి. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ తన పొలాల లెక్కలను 2004లో ప్రచురించింది. వానలు లేని కాలపు పంటలో కనిష్ఠ ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే దిగుబడి పది శాతం పడిపోయినట్టు తేలింది. గరిష్ఠానికి అలాంటి సంబంధం కనిపించలేదు. మొక్క పగలు తయారుచేసుకున్న ఆహారంలో కొంత రాత్రి శ్వాసక్రియకు ఖర్చవుతుంది, రాత్రి వెచ్చగా ఉంటే ఆ ఖర్చు పెరుగుతుందన్నది ఒక వివరణ.

యాసంగి నారుమడికి దీనికి పూర్తిగా ఎదురు సమస్య, చలి. డిసెంబరు, జనవరి నెలల్లో గ్లాసు పది పన్నెండు దగ్గర మసకబారి, ఆకాశం నిర్మలంగా, ఆకు కదలకుండా ఉంటే ఆ సాయంత్రమే మడి మీద కర్రలు వంచి పాలిథీన్ పట్టా కప్పండి. నారుకు పట్టా తగలకుండా ఎత్తుగా ఉండాలి. పొద్దున ఎండ రాగానే తీసేయాలి, లేకపోతే లోపల ఉడికిపోతుంది. రాత్రంతా చల్లబడిన నీటిని పొద్దున తీసేసి బోరు నీరు పెట్టండి. భూమి లోపలి నుంచి వచ్చే ఆ నీటికి రాత్రి చలి అంటదు, చేయి పెడితే గోరువెచ్చగా తగులుతుంది. మబ్బు పట్టిన రాత్రి, గాలి వీచే రాత్రి ఈ శ్రమ అక్కర్లేదు. ఆకాశం గడిలో ఆరు వంతులకు మించి మబ్బు రాసిన రాత్రుల పక్కన కనిష్ఠం ఎంత ఉందో మీ పుస్తకంలోనే చూసుకుని, పట్టా ఏ రోజు కప్పాలో, ఏ రోజు వదిలేయవచ్చో మీ మడికి మీరే నిర్ణయించుకోండి.